డీజిలు ఇంజను ఏల యాఁగును?



ముప్పదిమూఁడు సంవత్సరములు పాఠశాలలలో సంధులును సమాసములును జెప్పి విశ్రాంతి గొన్నవాఁడను నేను. అట్టివాఁడు డీజిలు ఇంజనును గూర్చి ప్రసంగించుట మీలోఁ గొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. యంత్రశాస్త్రము నేను చదువలేదు. చదివినది వ్యాకరణము, కొంత సాహిత్యము, గురువుగారి దయవలన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము. అయినను మాది సూర్యాపేట చెంతనున్న చివ్వెంల. మా యింటఁ బుస్తకము లెంతకాలమునుండి యున్నవో నాఁగలియు నంతకాలమునుండి యున్నది. మా బావిగట్టున నొక యైదు గుఱ్ఱముల ఆయిలు ఇంజను గలదు. అది నాకు నేర్పిన పాఠమును నేఁడు మీకు విన్నవించెదను. ఆ పాఠమునకు మేము చెల్లించిన రుసుము రెండు మళ్ల వరి.

2015వ సంవత్సరమున వానలు తప్పినవి. తెలంగాణమునఁ బెక్కు మండలములను కఱవు మండలములుగాఁ బ్రకటించిన యేఁడది. మా తమ్ముఁడు బావిక్రింద ఎకరమున్నర వరి నాటెను. దసరా సెలవులు వచ్చునప్పటికి పైరు పొట్టదశలో నున్నది. ఆ దశలో నీరు తప్పినచోఁ గంకి పైకి వచ్చినను గింజ పాలుపోసికొనక తాలుపోవునని సేద్యగాండ్రకు నేను జెప్పనక్కఱలేదు. సరిగా ఆ వారముననే మా ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను. దానిని దింపి బండిమీఁద మరమ్మతునకుఁ బంపిరి. అచట వరుసలో మాకంటె ముందెన్ని యున్నవో చూచి వచ్చిన మా తమ్ముఁడు, చాలకాలముగా మూలఁబడియున్న ఆయిలు ఇంజనుమీఁదఁ గప్పిన గోనెను దీసెను.

ఇంజను తిప్పఁగానే అందుకొన్నది. నీరు పాఱినది. మేమందఱము సంతసించితిమి. పదునైదు నిమిషములైన పిదప దాని చప్పుడు సన్నగిల్లి, రెండు మూఁడుమాఱులు దగ్గినట్లయి, ఆఁగిపోయెను. డీజిలు తక్కువయైనదేమోయని ట్యాంకు మూత తీసి చూచితిమి. సగమునకుఁ బైగా నున్నది. మఱికొంత పోసి, మూత పెట్టి, తిప్పితిమి. మరల అందుకొన్నది. ఈమాఱు ఐదు నిమిషములకే యాఁగెను. ట్యాంకును అంచులవఱకు నింపితిమి. అప్పుడు రెండు నిమిషములైనను నడువలేదు. ఆహార మెంత యెక్కువ పెట్టిన నంత త్వరగా మూర్ఛిల్లు ఈ రోగమేమో మాకు బోధపడలేదు. ఈ విషయమును మీరు మనస్సున నుంచుకొనుఁడు. రోగనిర్ణయమున కావశ్యకమైన సాక్ష్యమంతయు మొదటి గంటలోనే మా కన్నులయెదుట నుండెను. చూచువాఁడు లేకపోయెను.

పట్టణమునుండి యొక మేస్త్రిని బిలిపించితిమి. ఆయన ఫిల్టరు విప్పి కడిగి, పైపులలో గాలి తీసి, ఇంజను నడిపించి, కూలి పుచ్చుకొని వెళ్లెను. ఆయన మోటారుబండి ఊరు దాఁటకముందే ఇంజను నిలిచెను. మఱునాఁడు మరల వచ్చి పంపు పాడైనదనెను. బావిగట్టున గోనెసంచి పఱచి, దానిమీఁద పంపును విప్పెను. గాలి వీచుచుండెను; దున్నిన చెలకలనుండి దుమ్ము లేచుచుండెను. ఆయన ముక్కలను డీజిలుతోఁ గడిగి, గుడ్డతోఁ దుడిచి, మరల బిగించెను. ఇంజను నడిచినది. మరల ఆఁగినది. నాజిలు మార్చవలెననియు, అది తెచ్చుటకు ఎల్లుండి వచ్చెదననియు ఆయన సెలవిచ్చెను. ఆయనను నేను నిందింపను. అందులో మా పాలెంతో మీకు తెలియఁగలదు.

ఈలోపల అంతకుముందే నెఱ్ఱెలు విచ్చిన మీఁది రెండు మళ్లు ఎండకు వాడి ఆకు చుట్టుకొనఁజొచ్చెను. మా తమ్ముఁడు మాటలాడుట మానెను. వాఁడు కోపము వచ్చిన కేకలు వేయువాఁడు గాఁడు; గట్టున కూర్చుండి గడ్డిపరక త్రుంచువాఁడు. వాని చేతిలో ఆ దినమునఁ జాల గడ్డి తెగినది.

మూఁడవనాఁటి ప్రొద్దున నొక ట్రాక్టరు డ్రైవరు ఆ దారిని పోవుచు మమ్ముఁ జూచి ఆఁగెను. నా వద్ద ఆఱవ తరగతి చదివినవాఁడు. చదువు సాగక చిన్ననాఁడే లారీలలోఁ గ్లీనరుగాఁ జేరి, హైదరాబాదు విజయవాడ మార్గమున నెన్నో యేండ్లు తిరిగినవాఁడు. మేము జరిగినదంతయు జెప్పితిమి. వాఁడు పానా అడుగలేదు. ఇంజనుచుట్టు ఒకసారి తిరిగి, ట్యాంకు దగ్గఱ నిలిచి, “సారూ, గీ కవరు ఎవలు గట్టిన్రు?” అనెను.

కట్టినది నేనే. ట్యాంకు మూతకు నడుమ నొక సన్నని బెజ్జముండుటఁ జూచి, దానిగుండ దుమ్మును వానచినుకులును లోపలికిఁ బోవునని తలంచి, మూతమీఁద పాలితీను కవరు కప్పి సుతిలితో బిగియఁగట్టితిని. డీజిలు పోయుటకు విప్పినప్పుడెల్ల మరల మఱింత బిగువుగాఁ గట్టుచు వచ్చినవాఁడనును నేనే. వాఁడు నవ్వి, “గాలి వోకపోతే డీజిలెట్ల దిగుతది సారూ?” అని కవరును బీఁకివేసెను. ఇంజను సాయంకాలమువఱకు ఆఁగలేదు.

ఏకాదశినాఁడు చిన్నపిల్లలుకూడ ఆడుకొను ఆట యిది. ఇరుకుమూతి గిండికి నీరు నింపి, పైమూతిని అఱచేత మూసి, కొమ్మును వంచినచో నీరు పడదు. చేయి తీయఁగానే ధార పడును. ట్యాంకునుండి డీజిలు దిగినకొలఁది ఆ ఖాళీ చోటికి బైటిగాలి రావలెను. రాకున్నచో లోపల వెలితి యేర్పడి డీజిలును పైకిఁ బట్టి లాగును. ట్యాంకు నిండుగా నున్నప్పుడు పైన గాలి కొంచెమే యుండును గనుక కొద్దిగా డీజిలు దిగఁగానే ఆ లాగుడు బలపడును. సగము ఖాళీగా నున్నప్పుడు గాలి యెక్కువ యుండుటచే అది సాగి కొంత యోర్చును. అందుచేతనే నింపినకొలఁది త్వరగా నాఁగినది. మూత తీసినప్పుడెల్ల గాలి పోయి, మరల నడిచినది. మేమో, పోసిన డీజిలువలన నడిచినదని నమ్మితిమి.

తర్కము చదివినవానికి ఇంతకంటె సిగ్గు మఱొకటి యుండునా? ఒకటి యున్నపుడు మఱొకటి యుండుట యన్వయము, అది లేనపుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము; ఈ రెంటిని బట్టియే కారణమును నిశ్చయింపవలెనని నేను పిల్లలకు నోరారఁ జెప్పినవాఁడను. మూత తీసినప్పుడు మేము రెండు పనులు చేయుచుంటిమి: గాలి పంపుట యొకటి, డీజిలు పోయుట యొకటి. ఫలమును రెండవదాని కంటఁగట్టితిమి. డీజిలు పోయక మూత మాత్రము తీసి పెట్టియుండినచో, మొదటి గంటలోనే నిజము తేలియుండెడిది. ఒకమాఱు ఒక్క మార్పే చేయవలెను. ఆ మార్పును వెనుకకుఁ దీసికొని రోగము మరల వచ్చునో లేదో చూడవలెను. ఆ డ్రైవరు చేసినదిదియే. కవరు తీసి నడిపి, నాకు నమ్మకము కలుగుటకై బెజ్జముమీఁద వ్రేలు పెట్టి, ఇంజను దగ్గుచుండఁగా వ్రేలు తీసి చూపెను.

ఇంజనుయొక్క ఆహారమార్గము ఇంత సున్నితముగా నుండుట కొక హేతువు గలదు. జర్మనీ దేశమున రుడాల్ఫు డీజిలు అను నతఁడు ఈ యంత్రమును గల్పించి, 1897వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరమున సఫలముగా నడిపి చూపెను. ఇందులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలిని పదునాఱు, పదునేడవ వంతునకు నొక్కఁగా నది అయిదువందల డిగ్రీలకు మించి కాఁగును. ఆ వేఁడిలోనికి డీజిలును మంచుతుంపరవలెఁ జిమ్మిన, అది తనంతనే అంటుకొనును. వినుట కింత సులభముగా నున్నను, ఆ చిమ్ముటయే సృష్టికర్తకును గొఱకరాని కొయ్యయైనది. పంపుతో నేరుగాఁ జిమ్ముట ఆయనకు సాధ్యపడక, ఒత్తిన గాలితో నూఁదించి చిమ్మించెను. అందులకు ఇంజనుప్రక్కన గాలిని నొక్కు మఱొక పెద్ద యంత్ర ముండవలసివచ్చెను. ఆయన 1913లో సముద్రయానమునఁ గనఁబడకపోయి మరణించెను. డీజిలును నేరుగాఁ జిమ్ము చిన్న పంపులను రాబర్టు బాషు కర్మాగారము పెద్దయెత్తునఁ జేయుట 1927లో ప్రారంభమైనది. మన బావిగట్టు ఇంజను ఆ పంపుయొక్క సంతతిదే.

మా యింజనునే లెక్క కట్టి చూడుఁడు. గంటకు లీటరునకుఁ గొంచెము పైగా త్రాగును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. రెండు చుట్ల కొకమాఱు డీజిలు చిమ్మఁబడును. అనఁగా గంటకు 45,000 మాఱులు. ఒక్కొక్కమాఱు పడునది మిల్లీలీటరులో నలువదవ వంతు, మందుచుక్కలో సగము. ఆ అరచుక్కను సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో, సెకనునకుఁ బండ్రెండుమాఱులకుఁ దక్కువగాక, తప్పక చిమ్మవలెను. రెండువేల మీటర్ల లోతుగల బావి యున్నచో దాని యడుగున నీటికుండు ఒత్తిడి యది. అందుకై పంపులోని కడ్డీకిని గొట్టమునకును నడుమ ఎడము మిల్లీమీటరులో వేయింట రెండు మూఁడు వంతులు మాత్రమే యుంచుదురు. తలవెండ్రుక దాని కిరువదింతలకుఁ బైగా లావు. ఇఁక బావిగట్టున గోనెపట్టమీఁద విప్పిన పంపులో దుమ్ము చేరిన నేమగునో మీరే యూహింపుఁడు. మా పంపు ఆ మఱుసటి వేసవిలోనే గీతలు పడి మార్చవలసివచ్చినది. రోగము లేని యవయవమునకుఁ జేసిన శస్త్రచికిత్స వలన వచ్చిన రోగమది.

కావున నేను చెప్పఁదలఁచినదంతయు ఇదియే: డీజిలు నడచు దారినే మనమును ట్యాంకునుండి బయలుదేఱవలెను, నాజిలునుండి కాదు. పంపునకు ముందున్నదంతయుఁ జవుక, పానాతో చూడఁదగినది. పంపు, నాజిలు ఖరీదైనవి, పరిశుభ్రమైన దుకాణములోఁ బరీక్షాయంత్రముపై మాత్రమే చూడఁదగినవి. తఱచుగా దోషము మొదటి భాగముననే యుండును. మనకో, పెద్ద రోగమునకుఁ బెద్ద కారణమే యుండవలెనని భ్రమ.

ఏదియు విప్పకముందు పొగను జూడుఁడు. కొండమీఁదఁ బొగ కనఁబడిన నచట నిప్పు గలదని యూహించుట మా తర్కమునఁ బ్రసిద్ధమైన దృష్టాంతము. ఇంజను విషయమున పొగ లేకుండుటయే గొప్ప సాక్ష్యము. హ్యాండిలు ఎంత తిప్పినను గొట్టమునుండి పొగ యేమియు రానిచో, సిలిండరులోనికి డీజిలు చేరుటలేదు. లోపము దారిలో నున్నది. తెల్లని పొగ వచ్చుచు అంటుకొననిచో డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. అప్పుడు ట్యాంకును, ఫిల్టరును దిట్టిన లాభములేదు. డీజిలులో నీరో, నాజిలు చుక్కలుగాఁ గార్చుటయో, సిలిండరులో ఒత్తిడి చాలకుండుటయో కావచ్చును. హ్యాండిలు బిగువు లేక గిరగిర తిరిగిన ఒత్తిడి పోయినదని గ్రహింపుఁడు. నీలపు పొగ ఇంజనాయిలు మండుటవలన వచ్చును; అది వేఱు రోగము. నల్లని పొగ గూర్చి మాత్రము జాగ్రత్త. పలువురు దానిని జూడఁగానే “నాజిలు పోయిన”దందురు. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొన్నను నల్లపొగయే, ఇంజనుమీఁద శక్తికి మించిన బరువు వేసినను నల్లపొగయే. మా వారు దీనిని సవ్యభిచారమగు హేతువందురు. పెక్కు యిండ్లకుఁ బోవు సాక్షిని నమ్మి యొక్క యింటిమీఁద నేరము మోపరాదు.

ఇఁక దారి. మూత బెజ్జము సంగతి చెప్పితిని. తరువాత డీజిలునే పరీక్షింపవలెను. ట్యాంకు అడుగునుండి కొంత డీజిలును తెల్లని గాజుసీసాలోఁ బట్టి అరగంట కదలింపక యుంచుఁడు. డీజిలు నీటికంటెఁ దేలిక. నీరున్నచో అడుగునఁ జేరి నడుమ నొక గీత కనఁబడును. ఈ నీ రెక్కడినుండి వచ్చును? సగము ఖాళీగా విడిచిన ట్యాంకులో పగటి వేఁడికిఁ దేమగాలి చేరి రాత్రి చలికి లోపలిగోడలకు చెమర్చి అడుగునకు జాఱును. మూత లేని డబ్బాలలోఁ దెచ్చిన డీజిలులోఁ జెప్పనక్కఱయే లేదు. నీరున్నచోటఁ ద్రుప్పు పుట్టును. నీటికిని డీజిలునకును నడుమ జిగటగా నాఁచువంటిది పెరిగి ఫిల్టరును మూయును. ఇదియంతయు సీసాలోఁ గంటికిఁ గనఁబడును. వాసనకూడఁ జూడుఁడు. ఖర్చు తగ్గునని కిరసనాయిలు కలుపువా రుందురు. పంపులోని కడ్డీకి డీజిలే కందెన. పలుచని కిరసనాయి లాపని చేయలేక కడ్డీ యరిగిపోవును.

తరువాతిది ఫిల్టరు. ఫిల్టరు ముందటి పైపును విప్పిన ధారగా డీజిలు వచ్చి, వెనుకటి పైపును విప్పిన చుక్కలుగాఁ బడుచున్నచో దోషి దొరికినాఁడు. కాగితపు ఫిల్టరును గడిగి మరల వేయువారి కొకమాట: కడిగినప్పుడు కాగితమునఁ జిఱుగు పడిన, అంతవఱకు పట్టియుంచిన మట్టియంతయు ఒక్కమాఱు పంపులోనికిఁ బోవును. క్రొత్తది వేయుఁడు.

ఇచట నీరు, మట్టి, గాలి యను మూఁడు శత్రువులలో గాలి మిక్కిలి మాయావి. డీజిలును నొక్కిన నణఁగదు. కావుననే పంపు నొక్కఁగానే ఆ బలము నాజిలువఱకుఁ బోయి దానిని దెఱచును. గాలి నొక్కిన నణఁగును. పైపులో నొక చిన్న బుడగ యున్నను పంపు నొక్కినప్పుడు అది ముడుచుకొని, విడిచినప్పుడు విప్పుకొని, పంపు శ్రమనంతయు తానే మ్రింగును, నాజిలు తెఱచుకొనదు. సూదిమందు వేయువైద్యుఁడు సూదిని బైకెత్తి ముందుగా గాలిని జిమ్మివేయును గదా, మనమును అట్లే చేయవలెను. మీకు బొమ్మ చూపలేను గనుక మెల్లగాఁ జెప్పెదను. ట్యాంకులోఁ జాలినంత డీజిలుంచి, కొళాయి తెఱచి, మొదట ఫిల్టరుమీఁది చిన్న బోల్టును వదులుచేయుఁడు. బుడగలతోఁ గూడిన డీజిలు వచ్చును. బుడగలు పోయి తేటధార వచ్చుచుండఁగానే, ధార ఆఁగకముందే, బిగింపుఁడు. తరువాతఁ బంపుమీఁది బోల్టు, అదే విధము. చివరకు నాజిలునకుఁ బోవు సన్నపైపు నట్టును నాజిలువద్ద కొంచెము వదలి, సిలిండరు వాల్వు నెత్తిపట్టు లీవరును లేపి, హ్యాండిలు తిప్పుఁడు. బుడగలు లేక డీజిలు చిమ్మిన పిదప బిగింపుఁడు. మరల తిప్పినచో నాజిలునుండి క్రొత్తచెప్పు కిఱ్ఱుమన్నట్లు ఒక చప్పుడు వినవచ్చును. అది వినఁబడెనా, డీజిలు గమ్యము చేరినట్లే; లీవరు దింపి నడుపుఁడు.

గాలి తీసిన పిదపను గొంతసేపటికి మరల గాలి చేరుచున్నచో, తీయుటలోఁ దప్పులేదు, చేరుటకు దారి యున్నది. పైపు పగులో, రాగివాషరు నలిగియుండుటయో చూడవలెను. ట్యాంకు ఇంజనునకుఁ బైన నున్నచో పగులునుండి డీజిలు కాఱి తడి కనఁబడును. ట్రాక్టర్లలో ఫీడుపంపు డీజిలును లాగుకొనునపుడు, ఆ లాగుడు పైపులోని పగులు డీజిలును కార్చక గాలిని లోపలికిఁ బీల్చును; పైకి పొడిగానే యుండును. పొడిగా నున్నదని మోసపోరాదు.

దీనికి దగ్గఱిది యొకటి 2023లోఁ జూచితిని. మా మండలములోని దురాజ్‌పల్లి పెద్దగట్టుమీఁద లింగమంతుల స్వామివారి జాతర రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జరుగును. వేలకొలఁది బండ్లు, ట్రాక్టర్లు. మా బంధువుల ట్రాక్టరు బండినిండ జనముతో నెత్తు ఎక్కుచు నడుమ నాఁగెను. ట్యాంకులో డీజిలు కొంచెమే యున్నది. ఎత్తులో నది వెనుకకు జాఱి, పైపుమూతి బయటపడి గాలి పీల్చెను. వెంటనే డబ్బాతో డీజిలు తెచ్చి పోసిరి. అయినను ఇంజను నడువదు. బ్యాటరీ నీరసించువఱకు స్టార్టరు నొక్కిరి. వెనుక బండ్లవారి హారన్లు, డప్పులు, స్త్రీల కేకలు. ఎవరి మాట యెవరికిని వినఁబడదు. ట్యాంకు నిండినను బుడగ పైపులోనే యున్నదిగదా! ఫీడుపంపుప్రక్కనున్న చేతిమీటను ఇరువదిమాఱు లొత్తి ఫిల్టరు బోల్టువద్ద గాలి తీయించితిని. నడిచినది. ఆ దినమున మా బంధువులలో వ్యాకరణపండితునికిఁ గలిగిన గౌరవము ముప్పదిమూఁడేండ్ల యుద్యోగమునఁ గలుగలేదు.

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన హెచ్చరిక. నాజిలునుండి డీజిలు చిమ్ముచున్నదో లేదో యని చేయి యడ్డముపెట్టి చూచువారిని నేను కన్నులార చూచితిని. దయచేసి ఆ పని యెన్నఁడును జేయకుఁడు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మమును సూదివలెఁ దూసి మాంసములోనికిఁ బోవును. పైకి సూదిపోటంత గుర్తే కనఁబడును. మొదట నొప్పియు నంతగా నుండదు. కొన్ని గంటలలో వ్రేలు వాచి నల్లఁబడి, వ్రేలినో చేతినో తీసివేయవలసి రావచ్చును. అట్టిది జరిగిన పసుపు పెట్టి ఊరకుండక, ఆ గంటలోనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికిఁ బోయి, ఒత్తిడితో డీజిలు లోనికిఁ బోయినదని స్పష్టముగాఁ జెప్పవలెను. ఇది ప్రాణపు మాట. అట్లే నేను జెప్పిన పైపు వదలు విద్య పాతతరహా బావిగట్టు ఇంజన్లకును, పాత ట్రాక్టర్లకును మాత్రమే. ఇప్పటి కార్లలో, లారీలలో ఒకే గొట్టములో పదునాఱువందల వాతావరణములకు మించిన ఒత్తిడి నిలువయుండును. వానికి పానా తాఁకింపకుఁడు. శిక్షణ గలవారియొద్దకుఁ గొనిపొండు.

విద్యుత్తు వచ్చిన పిదప ఈ ప్రసంగ మెందులకని కొందఱనవచ్చును. మా రాష్ట్రమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు 2018 జనవరి 1వ తేదీన ప్రారంభమయ్యెను. ఆయిలు ఇంజన్లు నిజముగనే మూలఁబడినవి. ఐనను ట్రాన్స్‌ఫార్మరు కాలినదినమున వానినే లేపుదురు. కోదాడ, మిర్యాలగూడెము తట్టున 1967లో నీరు వదలిన సాగరు ఎడమకాలువ గట్లమీఁద, మిట్టపొలములకు నీరెత్తుటకు వానినే పెట్టుదురు. నడచు ఇంజనుకంటె పడుకొన్న ఇంజనునకే ఆహారరోగములు మెండు. నెలలకొలఁది నిలువయున్న డీజిలు జిగురుగట్టును, నీరు చేరును, నాజిలు సూది పట్టుకొనును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున డీజిలులో గంధకమును పదిలక్షల వంతులలో పది వంతులకుఁ దగ్గించిరి. గాలికి మేలే. గంధకమును దీయు ప్రక్రియలో డీజిలుకు సహజముగానున్న జిడ్డుగుణమును దగ్గును గనుక శుద్ధికర్మాగారములలోనే వేఱు ద్రవ్యము గలిపి ఆ లోటు తీర్తురు. అట్టి డీజిలులో మనము మరల కిరసనాయిలు కలిపినచో ఆ జాగ్రత్త యంతయు వ్యర్థము.

మా యింట నేర్పడిన పద్ధతి చెప్పెదను. అమావాస్యనాఁడు అరక కట్టము, ఎడ్లకు విశ్రాంతి. ఆనాఁడు ఇంజనునకుఁ బని. ట్యాంకు అడుగు కొళాయినుండి గ్లాసెడు డీజిలు సీసాలోఁ బట్టి చూతుము. ఇంజనును పావుగంట నడిపి, ట్యాంకును నిండుగాఁ బోసి విడుతుము; చెమర్చుటకు ఖాళీ చో టుండదు. మూతమీఁద ఇప్పుడు పాలితీను కవరు లేదు. దుమ్ము పడకుండ మా తమ్ముఁడు పలుచని నూలుగుడ్డ యొకటి వదులుగాఁ గప్పినాఁడు. బెజ్జము పొడుచుటకు ఒక సూదిని దారముతో మూతకు వ్రేలాడఁగట్టినాఁడు. ఆ దారమును నేను దాఁకరాదని వాని ఆజ్ఞ.

ఆ యేఁడు మీఁది రెండు మళ్లు కోసినప్పుడు కల్లములోఁ దూర్పారపట్టఁగా గింజకంటెఁ దాలే యెక్కువ పడినది. క్రింది మళ్లు దక్కినవి. ఆ తాలును జూచి మా తమ్ముఁడు, “కవరు ధాన్యము” అని పేరు పెట్టినాఁడు. ఇప్పటికిని మా యింట నెవరైన తెలియని పనిలోఁ జేయి పెట్టినపుడు ఆ మాట వినఁబడును. మొన్న అమావాస్యనాఁడు ఇంజను మూఁడవ త్రిప్పునకే అందుకొన్నది.